ఆనవాలమ్మ నోము: నూకాలు చలిమిడి బొమ్మ కథ

గోదావరి కరకట్టను తెంచుకొని లంక నడిమి నుండి దారి తీసుకొనిన ఏడు ఈ కథ జరిగెను. అక్షతలు చేత పట్టుకొని వినవలెను. మధ్యలో లేవరాదు. నొప్పి వచ్చినవారు లేవవచ్చును.

ఇసుకతిన్నె మీద తపము చేసికొను శీతలమునిని ఆర్తవ్రతుడను ముని దర్శించి ఇట్లు అడిగెను. స్వామీ, జ్వరము వచ్చిన ఒళ్ళు కాలును, దెబ్బ తగిలిన నెత్తురు కారును, చూచినవారు నమ్ముదురు. కలియుగమున కొందరికి వచ్చి పోవు నొప్పి పట్టుచున్నది. అది పైకి కనబడదు. ఇంటివారు నమ్మరు, వైద్యులకు అందదు. అట్టివారికి ఏది గతి? శీతలముని, అందులకు ఆనవాలమ్మ నోమొకటి కలదు, దానిని నూకాలు అను ఇల్లాలు పట్టిన విధము చెప్పెదను వినుమనెను.

లంకలో గవరయ్య అను రైతు ఉండెను. దొండపాదులు, బంతితోట అతని జీవనము. అతని భార్య నూకాలు, తల్లి అప్పాయమ్మ. మాట తక్కువ ఇల్లు. నూకాలు కాపురమునకు వచ్చిన నాటినుండి నెలనెలా బయట చేరిన రోజులలో పొత్తికడుపున కుడిప్రక్క నొప్పి పుట్టి, నడుము చుట్టి, తొడలోనికి దిగెడిది. తాడు పేనినట్లు పేనెడిది. కొంగు నోట కుక్కుకొని పడియుండెడిది.

ఆ యింటి ఆచారమేమనగా, బయట చేరినవారు గడ్డివామి వెనుక తాటాకు పాకలో ఉండవలెను. వారిని ఎవ్వరును తాకరాదు, వైద్యుడైనను ఆ గుమ్మము తొక్కరాదు. అందుచేత తలకు పోసికొని ఇంటిలోనికి వచ్చిన తరువాతనే ఊరి డాక్టరు లింగమూర్తికి కబురు పంపిరి. అప్పటికి నొప్పి ఉండెడిది కాదు. అతడు సైకిలు దిగి, కడుపు నొక్కి చూచి, గ్యాసని పొడి ఇచ్చెను. మరుసటి నెల నొప్పి మరల వచ్చెను. మరల తలకు పోసికొన్న పిమ్మట పిలిచిరి, మరల పొడి ఇచ్చెను. పట్నములో నడుము డాక్టరుకు చూపిరి, ఎముకలు బాగుగనే యున్నవనెను. సోది చెప్పునది వచ్చి పెద్దల అలుక అనెను. పెద్దలకు పెట్టిరి. నొప్పి మాత్రము తన వేళకు తాను వచ్చెను.

అంతట అప్పాయమ్మ వీధిలో కోడలిని గూర్చి చెప్పసాగెను. కోత రోజు వచ్చేసరికి దానికి నొప్పి వస్తుందమ్మా, బంతిపూలకి తెలిసినట్టు దానికీ తెలుస్తుంది అనెను. విన్నవారు నవ్విరి. నూకాలు ఆ నవ్వును పాకలోనుండి వినెను.

ఒకనాడు రేవు దాటి గాజులమ్మునది యొకతె వచ్చెను. పాక యెదుట గంప దించి, ఎవరి సెలవును అడుగకయే లోనికి పోయి నూకాలు చేయి పట్టుకొనెను. ఆనవాలమ్మకు నోము నోచుకొనుమని చెప్పి, విధానమిట్లు తెలిపెను. బియ్యపుపిండి, బెల్లము కలిపి చలిమిడితో ఆడబొమ్మను చేయవలెను. నొప్పి ఉన్న చోట కుంకుమబొట్టు పెట్టవలెను. ఆ బొట్టును నొప్పిపడు వారే తమ వేలితో, నొప్పి ఉండగనే పెట్టవలెను. బొమ్మను వైద్యునికి చూపించి, నొప్పి పేరు తెలిసిన తరువాత ఏట కలుపవలెను. ఈ నోమునకు మైల లేదు. ఇట్లు చెప్పి గాజులైనను అమ్మక పోయెను. రేవులో ఆమెను దాటించినవాడు లేడు.

నూకాలు ఈ మాట అత్తకు చెప్పెను. అప్పాయమ్మకు భయము కలిగెను. మైలతో దేవత పనియా అని, కోడలు తలకు పోసికొనువరకు ఆగి, శుక్రవారము పీట వేసి, బొమ్మను తానే చేసెను. పొత్తికడుపున బొట్టు పెట్టుటకు సిగ్గుపడి బొడ్డు మీద తానే పెట్టెను. లింగమూర్తి ఆ బొమ్మను చూచి, మునుపటి పొడినే రెండింతలు చేసెను.

అమ్మవారు దానిని నోముగా ఎంచలేదు. ఆ నెల నొప్పి ఇనుమడించెను. నూకాలు దొండపందిరి క్రింద పడిపోయెను. కాయ కోయువారు లేక పండి రాలెను, పందిరి ఒరిగెను, బంతి మొదళ్ళు కుళ్ళెను. అప్పాయమ్మ ఇక దీనిని పుట్టింట దింపి రమ్మని కొడుకుతో చెప్పెను. గవరయ్య ఏరు తగ్గిన తరువాత చూతమనుకొనెను. ఏరు తగ్గలేదు, పెరిగెను.

కట్ట తెగెను. పాక మొదటనే కొట్టుకొని పోయెను. లంకవారందరు మిగిలిన కట్ట మీదికెక్కి పట్టాలతో గుడారములు కట్టుకొనిరి. మైల యేది, మడి యేది, కాలు చాపుటకు చోటు లేదు. అక్కడ నూకాలు బయట చేరెను. నొప్పి వచ్చెను. పగటివేళ, ఊరందరి కన్నుల యెదుట, ఆమె మట్టిని గోళ్ళతో తవ్వెను. ఇంతకాలము నవ్వినవారు ఆ నొప్పిని చూచిరి.

నూకాలు లేచి కూర్చుండెను. సాయముగా వచ్చిన మూటలోనుండి పిండి, బెల్లము అడిగి తీసికొనెను. ముద్ద చేసెను, కాళ్ళు చేతులు తీర్చెను. నుదుటి కుంకుమ వేలికి తీసి, బొమ్మకు కుడిప్రక్క అదిమెను.

"ఇదిగో, ఇక్కడ," అని మగనికి చూపెను. "పడవ తీయండి. ఇప్పుడే."

అప్పాయమ్మ అడ్డుపడి, తలకు పోసికొన్నాక పోవచ్చుననెను.

"తలకి పోసుకున్నాక నాకేం ఉండదత్తా. ఉన్నప్పుడు చూస్తేనే కదా, ఉందని తెలిసేది."

గవరయ్య తల్లి ముఖము చూచెను, బొమ్మను చూచెను. గెడ అందుకొనెను.

పట్నపు ఆసుపత్రిలో డాక్టరమ్మ బొమ్మను బల్ల మీద పెట్టించుకొని, ఎప్పుడు వచ్చును, ఎటు దిగును అని నూకాలునే అడిగెను. గవరయ్య ఏదో చెప్పబోగా మిమ్మల్ని కాదండీ అనెను. స్కానింగు తీయించెను. గర్భసంచి లోపల ఉండవలసిన పొర బయట అండాశయము మీద పెరిగినది, నెలనెలా అదియును నెత్తురు విడుచును, దానికి దారి లేక ఆ బాధ అని తెలిపెను. దాని పేరు కాగితము మీద వ్రాసెను.

"నీది నాటకం కాదమ్మా. ఇది జబ్బే. చాలామందికి ఉంటుంది."

అంతవరకు ఏడ్వని నూకాలు అప్పుడు ఏడ్చెను.

పూర్తిగా పోవునని డాక్టరమ్మ చెప్పలేదు. మందులు వాడవలెను, అవసరమైనచో కోయవలెను, విడువక ఆసుపత్రికి తిరుగవలెను అనెను. నూకాలు విడువలేదు. నొప్పి సగమునకు దిగెను. వరద పరచిన ఒండ్రులో దొండతీగ మునుపెరుగని పచ్చదనముతో లేచెను.

నోము చెల్లించునాడు నూకాలు బొమ్మను పీట మీద పెట్టెను. అప్పాయమ్మ ఇంకొక బొమ్మను తెచ్చి దాని ప్రక్కన ఉంచెను. బొట్టు అదే చోట ఉండెను.

"నాకూ అక్కడే ఉండేది. ఎవరికి చెప్పుకోను," అనెను.

అత్తాకోడండ్రు రెండు బొమ్మలను కలిసి ఏట విడిచిరి.

కావున ఓ ఆర్తవ్రతా, పేరు లేని నొప్పి పడువారు, అబద్ధమని అనిపించుకొన్నవారు, చెప్పుటకు సిగ్గుపడువారు, పరీక్షలలో ఏమియు లేదని తిరిగి వచ్చినవారు, ఆడవారేమి మగవారేమి, ఈ నోము పట్టవలెను. పట్టినవారికి నొప్పి యొక్క పేరు దొరకును, మందు దొరకును, అడిగి వినువారు దొరకుదురు. కథ విని ఇంట నొప్పిపడువారిని నమ్మినవారికి నోచినంత ఫలము. నమ్మనివారి పందిరి ఒరుగును. అక్షతలు వేసికొనుడు.

కొత్త పాక కట్టుటకు తల్లి తెప్పించిన వెదుళ్ళు గవరయ్య పెరటిలో పడియుండెను. నోము చెల్లిన మరునాటి ఉదయము అతడు గునపము తీసికొని ఆ వెదుళ్ళతో దొండపందిరి వేసెను. ఆ రోజు నూకాలు బయట చేరియుండెను. వీధి అరుగు మీద మంచమున కూర్చుండి, ఏ రాట ఎక్కడ పాతవలెనో చెప్పుచుండెను. అతడు అక్కడనే పాతెను.