గవరయ్య తిన్నాడా?

సూదిమందు ఊళ్లకు కొత్తగా వచ్చిన రోజుల్లో గవరయ్య అనే డోలాయన ఉండేవాడు. ఆయనకున్నవి మూడే: ఒక డోలు, ఒక సూది, పైడమ్మ అనే పెళ్లాం.

గవరయ్యకు చక్కెర జబ్బు. సూది పొడుచుకోకపోతే ఒంట్లో చక్కెర పెరుగుతుంది. పొడుచుకుని తినకపోతే చక్కెర పడిపోతుంది, దాంతోపాటు మనిషీ పడిపోతాడు. ఈ లెక్క పైడమ్మకు కంఠతా వచ్చు.

ఒకనాడు నాయుడింట పెళ్లి. మేళానికి ఆకులు వేశారు. గవరయ్య పది గీతల మందు ఎక్కించుకుని ఆకు ముందు కూర్చున్నాడు.

"ఒరే గవరా, లే! మగపెళ్లివారు దిగారు!" అన్నాడు నాయుడు.

"సూది పొడిచేసుకున్నాడు బాబూ, నాలుగు ముద్దలు తిననియ్యండి," అంది పైడమ్మ.

"నీ మొగుడి ముద్దల కోసం వియ్యంకుణ్ణి ఎండలో నిలబెట్టమంటావేటే?"

గవరయ్య లేచాడు, వాయించాడు. వచ్చి కూర్చున్నాడు. పెళ్లికొడుకు మేనమామ దిగాడన్నారు. లేచాడు, వాయించాడు. మళ్లీ కూర్చున్నాడు. అన్నం ఆకులో పడేలోగా గౌరీపూజ అన్నారు. లేచాడు. ఈసారి చేతులు వణికాయి, చెమటలు కారాయి, తాళం తప్పింది.

"తాగొచ్చాడ్రా!" అని పందిరంతా నవ్వింది.

పైడమ్మ వంటశాలకు పరిగెత్తింది. "బెల్లం! ఒక్క ముక్క!"

"చక్కెర జబ్బోడికి బెల్లమా? మొగుణ్ణి చంపుకుంటావేటే?" అని వంటాయన బుట్ట మీద మూత పెట్టాడు.

"చక్కెర పడిపోయినోడికి అదే ప్రాణం, ఎర్రినాయాలా!"

మూత లాగేసి ముక్క పట్టుకొచ్చేసరికి గవరయ్య డోలు మీద వాలిపోయి ఉన్నాడు. పళ్లు బిగుసుకుపోయాయి. కాసేపటికి ఊపిరీ ఆగింది.

పైడమ్మ ఏడవలేదు. పందిరి మధ్య నిలబడింది.

"తాగాడన్నారు కదా, రండి! ఒక్కొక్కరూ వచ్చి నోరు వాసన చూడండి!"

నాయుడి వైపు తిరిగింది.

"నాయుడుబాబూ, మూడుసార్లు లేపావు. నాలుగోసారి లేపు!"



ఆ నెలలో ఇంకా పద్నాలుగు పెళ్లిళ్లున్నాయి. పద్నాలుగిళ్ల ముందూ పైడమ్మ నిలబడింది. పద్నాలుగు మేళాలూ డోళ్లు కింద పెట్టి, "ముందు మా ఆకు," అన్నాయి.

ఇప్పటికీ ఆ వైపు మేళందే మొదటి బంతి. డోలాయన పేరు ఏదైనా సరే, పెళ్లికూతురి తండ్రి ఎదురుగా నిలబడి, "గవరయ్య తిన్నాడా?" అని అడగాలి. అతను ఎంగిలాకు మడిచి చూపించి, బెల్లం ముక్క మొలలో దోపుకుని, "తిన్నాడు," అంటాడు.

అప్పుడే డోలు పుల్ల పైకెత్తుతాడు.