మలుపు దాకా వచ్చిన అడుగులు

పాలవాగుకి ఇవతలి అడవిలో పులి లేదు. పులి లేదు కాబట్టి అక్కడ అందరూ కాళ్లు చాపుకుని నిద్రపోతారని మీరనుకుంటే, రేచుకుక్కల సంగతి మీకు తెలియదన్నమాట. పులి ఒంటరిగా వస్తుంది, ఒకరిని పట్టుకుపోతుంది. రేచుకుక్కలు బంధువులందరినీ వెంటబెట్టుకుని మరీ వస్తాయి.

వాగు నిండుగా ఉన్నంతకాలం వాటి బెడద లేదు. ఎండలు ముదిరి రేవు దగ్గర నీళ్లు మోకాలి లోతుకి దిగినప్పుడే వాటి కన్ను ఇవతలి పచ్చిక మీద పడేది. అందుకని ఏటా ఆ రోజుల్లో అడవిపందులు, దున్నలు రేవులో కాపలా ఉండేవి. కాపలాలో దెబ్బ తిన్నవాళ్లను అడవి అంతా కలిసి చూసుకునేది. ఎలుగుబంటి తేనెపట్టు దించితే మొదటి ముక్క వాళ్లకే తీసి పెట్టేవాడు. కోతులు ఇప్పపూలు ఏరితే మొదటి దోసెడు వాళ్లదే. దీన్ని దెబ్బల వాటా అనేవారు. కొండమీద రాతిగుంటలో ఆ తేనె దాచి, పోలమ్మ అనే ముసలి కొండముచ్చు ఆకుదొప్పల్లో పోసుకుని ఒక్కొక్కరి పొదకూ తీసుకెళ్లి, పుండు కడిగి, తేనె రాసి, నాలుగు కబుర్లు చెప్పి వచ్చేది.

ఆ అడవికి పెద్ద సింహాద్రి. పేరు చూసి భయపడకండి, అతనో దుప్పి. మంచివాడు. మంచివాడన్న సంగతి అతనికి బాగా తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది. అతనికి ఇంకో గొప్ప కూడా ఉంది. నేలమీద అడుగుజాడ చూసి ఎవరు వెళ్లారో, ఎందుకు వెళ్లారో, కడుపు నిండి వెళ్లారో కాలి వెళ్లారో ఇట్టే చెప్పేవాడు. రోజూ పొద్దున్నే దారులన్నీ తిరిగి జాడలు చూసుకోవడమే అతని పెద్దరికం. ఎవరి గుమ్మానికీ వెళ్లి ఎలా ఉన్నావని అడగాల్సిన పని అతనికి పడలేదు.

ఒక ఎండాకాలం రేవులో పెద్ద పోరే జరిగింది. సింహాద్రి పిల్లలు ఇంకా నీళ్లలో ఉండగానే రేచుకుక్కలు దిగాయి. దాలయ్య అనే అడవిపంది వాటికి అడ్డం నిలబడ్డాడు. పిల్లలు గట్టెక్కేదాకా కదల్లేదు. అవి అతని వెనక తొడ చీల్చేశాయి. రేచుకుక్కలు తోక ముడిచాక సింహాద్రి కళ్లనీళ్లతో అతని పక్కన కూలబడ్డాడు.

"దాలయ్యా, నువ్వు బతికినన్నాళ్లూ నీ కాలికి మందు ఈ అడవిదే. ఇది నా మాట."

"సర్లేరా, ముందు పిల్లల్ని చూసుకో," అన్నాడు దాలయ్య.

ఆ దెబ్బ పైకి మానినట్టే ఉండేది, లోపల చీము పట్టేది. తేనె పడితే తగ్గేది, మానేస్తే మళ్లీ రేగేది. పోలమ్మ వస్తూ ఉన్నంతకాలం దాలయ్య కుంటుకుంటూ అయినా తిరిగి దుంపలు తవ్వుకునేవాడు.

మరుసటి ఏడు రేచుకుక్కలు ఇటు తొంగి చూడలేదు. భయం పోయేసరికి జ్ఞాపకం కూడా పోయింది. కోతులు గొణగడం మొదలుపెట్టాయి.

"పోరు అయిపోయి ఎన్నాళ్లయింది? ఇంకా మొదటి దోసెడు వాళ్లకేనా?"

సరిగ్గా అప్పుడు గరటయ్య వచ్చాడు. గరటయ్య నక్క. పోరు జరిగిన రోజున కొండమీద ఎత్తయిన రాయెక్కి కూర్చుని, అందరికంటే వివరంగా చూసినవాడు.

"పెద్దయ్యా, తమరి మంచితనం చూస్తే నాకు జాలేస్తోంది," అన్నాడు.

"ఏమైంది గరటయ్యా?"

"ఏమవుతుంది? ఇంటికి తెచ్చి నోట్లో పోస్తుంటే తేనె వద్దనేవాడెవడండీ? దెబ్బ మానినవాడు కూడా మానిందని చెప్పడు. పోలమ్మ చూస్తే ముసల్ది, దారంతా ఒలకబోస్తోంది. చీమలు తినిపోతున్నాయి."

"అయితే ఏం చేద్దామంటావు?"

"చాలా తేలిక. తేనె కొండమీదే ఉంటుంది. నేను కాపలా ఉంటాను, నాకు వేరే పనేముంది? నొప్పి నిజంగా ఉన్నవాడు కొండెక్కి వచ్చి తీసుకుంటాడు. లేనివాడు రాడు. దొంగ నొప్పులన్నీ దారిలోనే తేలిపోతాయి."

సింహాద్రి కొంచెం తటపటాయించాడు. "కుంటివాళ్లు ఎక్కగలరా?"

"అవసరం ఎక్కిస్తుంది పెద్దయ్యా. పైగా ఎవరొచ్చారో ఎవరు రాలేదో తమరికి ఎవరూ చెప్పక్కర్లేదు. దారి చూస్తే తమరికి తెలియనిదేముంది?"

ఆ చివరి మాట సింహాద్రికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అతను ఒప్పుకున్నాడు. పోలమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నాయనా సింహాద్రీ, నేను తీసుకెళ్లేది తేనె ఒక్కటే అనుకుంటున్నావా? వెళ్లి పుండు చూస్తాను. ఎవరికి ఎంత ముదిరిందో కళ్లారా చూసొస్తాను. రేపణ్ణించి అది ఎవరు చూస్తారు?"

"నువ్వు పెద్దదానివయ్యావు పోలమ్మత్తా, కాస్త కూర్చో," అన్నాడు సింహాద్రి ఎంతో ప్రేమగా. ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ ఎండాకాలం సింహాద్రికి హాయిగా గడిచింది. పొద్దున్నే కొండదారి చూసేవాడు. ఒక్క జాడా ఉండేది కాదు. మొదట్లో కన్ను పోయిన ముసలి దున్న అడుగులు పైకి వెళ్లి కిందికి వచ్చాయి. తర్వాత అవీ లేవు. చూశారా, అందరూ కోలుకున్నారు అని కోతులతో చెప్పుకున్నాడు. కోతులు కూడా సంతోషించి, మొదటి దోసెడు ఇప్పపూలు తామే తినేశాయి.

ఒకరోజు దారిలో పంది గిట్టలు కనిపించాయి. మూడు కాళ్లు నేలని తొక్కాయి, నాలుగోది గీత గీసుకుంటూ వెళ్లింది. దాలయ్యే. అడుగులు కొండ మలుపు దాకా వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి తిరిగాయి.

సింహాద్రి ఆ మలుపు దగ్గర ఆగి తృప్తిగా తలాడించాడు. ఇంత దూరం ఎక్కాడంటే కాలు బాగుపడినట్టే, తేనె అక్కర్లేదనిపించి వెనక్కి పోయుంటాడు అనుకున్నాడు. ఆ పక్కన రాయి మీద చీము మరక ఉంది. సింహాద్రి చూపు నేలమీది జాడ దాటి పైకి లేవలేదు. దాలయ్య పొద అక్కడికి కూతవేటు దూరం. ఒక్కసారి వెళ్లి పలకరించి ఉంటే సరిపోయేది. ఆ మాట తర్వాత అతను ఎన్నిసార్లు అనుకున్నాడో!

ఎండాకాలం చివర్లో దాలయ్య పెళ్లాం నూకాలు వచ్చింది. పిల్లల్ని ఎక్కడో వదిలి పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"బాబూ, మా ఆయనకి మందు ఇప్పించు. నీకు దణ్ణం పెడతాను."

సింహాద్రి తెల్లబోయాడు. "దాలయ్యకి తగ్గిపోయింది కదమ్మా?"

"ఎవరు చెప్పారు?"

"మలుపు దాకా ఎక్కాడుగా. నేను జాడ చూశాను."

"ఎక్కాడు బాబూ. మలుపు దాకా ఎక్కి, ఇక అడుగు పడక, అక్కడి రాయికి ఆనుకుని, కుంటుకుంటూ ఎలాగో ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి లేవలేదు."

"మరి కబురు చేస్తే గరటయ్యే..."

"నేను బండల మీదుగా అడ్డదారిన వెళ్లాను. దెబ్బ నీకు కాదు కదా, తగిలినవాణ్ణే రమ్మను అన్నాడు. రాలేడయ్యా అన్నాను. అయితే నొప్పి నిజమని నాకెలా తెలుస్తుంది అన్నాడు. దున్న మావయ్య పాపం ఒంటి కన్నుతో, రాళ్లకి తగులుకుంటూ ఎక్కి వెళ్లాడు. ఆయనతో ఏమన్నాడో తెలుసా? కొండెక్కగలిగావంటే నీకు రోగం లేదు, పో అన్నాడు."

సింహాద్రికి ఇప్పుడు అర్థమైంది. కొండ ఎక్కలేనివాడికి మందు లేదు. ఎక్కినవాడికీ లేదు. ఇంత చిన్న సంగతి గరటయ్య చెప్పిన రోజే తనకెందుకు తట్టలేదు? తట్టకేం, కుంటివాళ్లు ఎక్కగలరా అని తనే అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆగలేదు.

ఒక్క పరుగున కొండెక్కాడు. రాతిగుంటలో తేనె లేదు. అడుగున మైనం అంటుకుని ఉంది. పక్కన గరటయ్య ఎండలో పొట్ట ఆరబెట్టుకుంటున్నాడు. ఆ పొట్ట ఇదివరకు లేదు.

"తేనె ఏది?"

"ఎవరూ రాలేదు కదండీ పెద్దయ్యా. ఊరికే ఉంచితే పాడైపోతుందని నేనే..."

అదే సమయానికి ఎలుగుబంటి అప్పన్న పైకి వచ్చాడు. ఆ మాట విని అతనికి ఒళ్లు మండిపోయింది.

"తేనె పాడైపోవడం నువ్వెక్కడ చూశావురా? తేనెటీగల కుట్లు తినీ తినీ నా మొహం వాచిపోతే, ఆ తేనె నీ పొట్టలోకా?"

గరటయ్య లేచి ఒళ్లు దులుపుకున్నాడు. భయపడలేదు సరికదా, కొంచెం నొచ్చుకున్నట్టు కూడా కనిపించాడు.

"నేను ఎవరికీ ఇవ్వనన్నానా? ఎక్కి రమ్మన్నాను. ఆ పద్ధతికి ఒప్పుకున్నది పెద్దయ్య. రోజూ దారి చూసి అంతా బాగుందన్నదీ పెద్దయ్యే. నన్నంటే ఎలా?"

సింహాద్రి కొమ్ములు వంచాడు. గరటయ్య అప్పటికే బండల మధ్య నుంచి జారుకున్నాడు. అయినా పొడిచి ఏం లాభం? తన గురించి వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు.

"అప్పన్నా, ఇంకో పట్టు ఎక్కడైనా దొరుకుతుందా?"

అప్పన్న ఆకాశం వైపు చూశాడు. నైరుతి మూల నల్లబడుతోంది. "వానలొచ్చేస్తున్నాయి పెద్దా. తేనెటీగలు ఎప్పుడో లేచిపోయాయి. మళ్లీ చెట్లు పూసేదాకా ఈ కొండల్లో చుక్క తేనె ఉండదు."

సింహాద్రి గిట్టతో గోకి గోకి ఆ మైనమే ఆకుదొప్పలో వేసుకుని, దొప్పని పళ్లతో పట్టుకుని దిగాడు. దాలయ్య పొద ముందు అతనికి ఆ ఏడాది అంతా నిలబడని చోట నిలబడుతున్నానని తెలిసింది. లోపల వాసన వేస్తోంది. పోలమ్మ అక్కడే కూర్చుని ఆకుతో ఈగలు తోలుతోంది. ఆమెని రావద్దన్నా, వట్టి చేతులతోనైనా వచ్చిపోతూనే ఉందని అప్పుడు తెలిసింది.

"దాలయ్యా, కబురు పెడితే నేను రానా?"

దాలయ్య కళ్లు తెరిచాడు. "మందు కావాలంటే కొండెక్కి రావాలన్నారు. సరే, అడవి పద్ధతి కదా అని ఎక్కాను. నా వల్ల కాలేదు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "రేవులో నువ్వు పిల్లల్ని కాపాడమని అడిగావా సింహాద్రీ? చూశాను, నిలబడ్డాను. నువ్వూ ఒకసారి చూస్తావనుకున్నాను."

తెచ్చిన మైనాన్ని పోలమ్మ వేళ్లతో మెత్తగా చేసి పుండు చుట్టూ రాసింది. అది ఇక దేనికీ పనికిరాదని ముగ్గురికీ తెలుసు. అయినా ఎవరూ ఆ మాట అనలేదు. మొదటి వాన పడ్డ రోజే దాలయ్య పోయాడు.

మళ్లీ ఎండలు వచ్చాయి. రేవులో నీళ్లు దిగాయి. వాగుకి అవతల ఈలలు వినిపించసాగాయి. రేచుకుక్కలు ఒకదాన్నొకటి పిలుచుకునే ఈలలవి.

సింహాద్రి కాపలాకి తోడు వెతుక్కుంటూ గుమ్మం గుమ్మం తిరిగాడు. ఇప్పుడు జాడలు చూడటం లేదు, నేరుగా వెళ్లి అడుగుతున్నాడు. దున్నలు తలలు తిప్పుకున్నాయి. నూకాలు పొద దగ్గరికి వచ్చేసరికి ఆమె పెద్దకొడుకు లేచాడు. తండ్రి కోరలే, తండ్రి నిలబడే తీరే.

"నేనొస్తాను పెద్దయ్యా."

నూకాలు అడ్డం వచ్చింది. ఆమె అరవలేదు, తిట్టలేదు.

"బాబూ, ఒక్క మాట చెప్పు. వీడి కాలు చీలితే ఎవరు చూస్తారు?"

సింహాద్రి నోరు తెరిచాడు. నేను చూస్తాను అనబోయాడు. తేనె మళ్లీ గుంటలో నిండుతోందనీ, పోలమ్మకి సాయంగా నలుగుర్ని పెట్టాననీ చెప్పబోయాడు. అన్నీ నిజాలే. నూకాలు కళ్లలోకి చూశాక ఒక్కటీ నోట రాలేదు. తల వంచి వెనుదిరిగాడు.

ఆ ఎండాకాలం రేవులో కాపలా నిలబడింది సింహాద్రి ఒక్కడే. దుప్పి ఒక్కడు ఎంతసేపు ఆపగలడు? రేచుకుక్కలు వాగు దాటాయి. సింహాద్రి మీద పడ్డాయి, తొడ పీకాయి. అతను ఆపిన ఆ కొద్దిసేపట్లోనే మిగతావాళ్లంతా పిల్లల్ని తీసుకుని కొండలెక్కి బతికి బయటపడ్డారు. వాగొడ్డు పచ్చిక మాత్రం పోయింది. ఇప్పుడక్కడ రేచుకుక్కలు నీళ్లు తాగుతున్నాయి.

సింహాద్రి కాలు ఈడ్చుకుంటూ ఎలాగో తప్పించుకుని బతికాడు. కొండమీద ఒక రాతి నీడన పడి ఉంటే, ఎవరూ పిలవకుండానే పోలమ్మ ఆకుదొప్ప పట్టుకుని వచ్చింది. వెనకే నూకాలు, నోట తడిగుడ్డలాంటి పాచి కరుచుకుని. పుండు కడుగుతుంటే సింహాద్రి ఏడ్చాడు. నొప్పికి అనుకుని పోలమ్మ చెయ్యి మెల్లగా ఆడించింది. అతను మాత్రం మొహం అవతలికి తిప్పుకున్నాడు.

నీతి: మనకోసం దెబ్బ తిన్నవాడి దగ్గరికి మందు మనమే తీసుకెళ్లాలి, వాడు నడిచి వచ్చి అడగాలని చూస్తే, మళ్లీ ఆపద వచ్చిన రోజున మన ముందు నిలబడేవాడు ఉండడు.