టెంక లేని మామిడిపండు

ఇటు తిరిగి పడుకో తల్లీ. కాలు నా మీద వేసుకో. ఫ్యాను గాలి తగులుతోందా? సరే, విను.

అనగనగా, మరీ అంత అనగనగా కూడా కాదులే, మొన్నమొన్ననే, ఒక ఊళ్ళో ఒకావిడ ఉండేది. ఆవిడ పేరు సీతారావమ్మ.

నువ్వేనా అంటావేమిటి? నేను కాదు. ఆవిడ ముక్కుపుడక కుడివైపు ఉండేది. నాది ఎడమవైపు, చూశావుగా. అడ్డం రాకుండా విను.

సీతారావమ్మ పదహారేళ్ళప్పుడు ఆ ఇంటికి కోడలై వచ్చింది. అది మంచి ఎండాకాలం. భోజనాలయ్యాక అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని బంగినపల్లి పండ్లు కోసింది. ఎలా కోస్తారో నీకు తెలుసుగా? ఇటొక చెక్క, అటొక చెక్క, మధ్యలో టెంక. చెక్కలు మామగారికి, మొగుడికి, వచ్చిన చుట్టాలకి వెళ్ళాయి. టెంక కొత్తకోడలి చేతికొచ్చింది.

అప్పుడు చుట్టాల్లో ఒకాయన, "అదేమిటమ్మా, కొత్తకోడలికి టెంక పెట్టారేం?" అన్నాడు.

"మా కోడలికి టెంకంటే ప్రాణం" అంది అత్తగారు.

సీతారావమ్మ తల ఊపింది. వచ్చి మూడు రోజులే అయింది. ఊపక ఏం చేస్తుంది?

అత్తగారిని తిట్టుకోకు. ఆవిడా అంతకుముందు ముప్పై ఏళ్ళు టెంకలే చీకింది. ఇంటికి కోడలొచ్చాక, ఆ రోజే, ఆవిడ పళ్ళెంలోకి మొదటిసారి ఒక చెక్క వచ్చింది. అది తింటూ ఆవిడ కళ్ళు మూసుకుంది. సీతారావమ్మ టెంక చీకుతూ ఆ మూసిన కళ్ళనే చూసింది.

ఆ తర్వాత యాభై వేసవులు గడిచాయి. మామగారు పోయారు, అత్తగారు పోయారు, పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యారు. టెంక మాత్రం సీతారావమ్మ దగ్గరే ఉండిపోయింది.

ఆవిడ మొగుడు రాఘవయ్య మంచివాడే. గట్టిగా ఒక మాట అనేవాడు కాదు. పండు కోసిన ప్రతిసారీ టెంకని తనే తీసి, "ఇదిగో సీతా, నీకిష్టమైంది" అని చేతికి అందించేవాడు. కొడుకు శేషు చిన్నప్పుడు ఎవరైనా టెంక మీద చెయ్యి వేస్తే, "అది అమ్మది!" అని ఏడ్చేవాడు. ఎంత ప్రేమో చూడు! ఆ ప్రేమలోనే కాస్త తీరిక చేసుకుని, "నీకేది ఇష్టం?" అని ఒక్కరైనా అడిగారా? అడగలేదు. చెప్పుకోవాలని ఆవిడకీ తోచలేదు. అందరూ అంతగా అంటున్నారంటే నాకు టెంకే ఇష్టం కాబోలు అనుకునేది. పీచు తెల్లబడేదాకా చీకి, పెరట్లోకి విసిరేసేది.

అప్పుడు ఏమైందంటే, ఆ ఊళ్ళో బస్టాండు పక్కన కొత్తగా ఒక సూపర్‌మార్కెట్ పెట్టారు. పెద్ద పెద్ద అద్దం తలుపులు. లోపలికి అడుగుపెడితే చల్లగా మాఘమాసం. అదే వేసవిలో సీతారావమ్మ మనవరాలు సెలవలకి వచ్చింది. ఏడేళ్ళది, పేరు చిలక.

అదేం పేరంటావా? కథల్లో పిల్లలకి అలాంటి పేర్లే పెడతారు.

ఇద్దరూ కందిపప్పు కోసం వెళ్ళారు. కందిపప్పు పక్కనే ఒక పెద్ద ఐసు పెట్టె ఉంది. చిలక దాని అద్దానికి ముక్కు ఆనించి, "అమ్మమ్మా, మామిడిపండు!" అని అరిచింది.

మామిడిపండే. అదే రంగు, అదే ఆకారం, అదే బొద్దుదనం. కానీ కింద ఒక పుల్ల ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి చెప్పింది. "పుల్లైసేనండీ. కొత్తగా వచ్చింది. పైనున్నది తొక్క. అరటిపండులా ఒలుచుకోవచ్చు. ఆ తొక్క కూడా తినేదే, జెల్లీ."

తొక్క తినడమేమిటి, విడ్డూరం! సీతారావమ్మ ఒకటి తీసుకుంది. అక్కడే తింటుందనుకున్నావా? ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు ఇంటాయన నోట్లో పడాలి. అందుకని దాన్ని సంచిలో కందిపప్పు పొట్లం కింద దాచి, ఎండలో పరుగులాంటి నడకతో ఇంటికి తెచ్చింది.

తెచ్చి ఏం చేసింది? కత్తిపీట వాల్చింది.

నవ్వకు! యాభై ఏళ్ళ అలవాటు. మామిడిపండు కనబడితే ఆవిడ చేతులు వాటంతటవే కత్తిపీట దగ్గరికి పోతాయి. ఇటొక చెక్క కోసింది, రాఘవయ్యకిచ్చింది. అటొక చెక్క కోసింది, శేషుకిచ్చింది. ఆ తర్వాత తన టెంక కోసం చూసుకుంది.

టెంక లేదు. పుల్లకి అటూ ఇటూ అంటుకున్న కాస్త పసుపు తడి తప్ప ఏమీ లేదు.

"అయ్యో, అమ్మకి టెంక లేదే!" అన్నాడు శేషు, మీసానికి ఐసు పూసుకుని.

"మరేం పర్లేదురా, పుల్లుందిగా" అంది సీతారావమ్మ. అని ఆ పుల్ల చీకింది. రాఘవయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. సీతారావమ్మా నవ్వింది. చిలక మాత్రం నవ్వలేదు. అమ్మమ్మ పుల్లవైపే చూస్తూ కూర్చుంది.

రెండో రోజు రాఘవయ్య, "ఆ తొక్క ఐసు ఇంకోటి తేరాదూ, భలేగా ఉంది" అన్నాడు. సీతారావమ్మ ఈసారి రెండు తెచ్చింది. ఒకటి తండ్రీకొడుకులకి. ఇంకొకటి అచ్చంగా చిలకకి. "మరి నువ్వు?" అని చిలక అడిగితే, "నాకు పళ్ళు జివ్వుమంటాయిలేవే" అంది. ఆవిడ పళ్ళకేం? జంతికలు పటపటా నమిలేది.

అప్పుడు మామయ్య శేషు ఊరుకోక చెయ్యి చాపాడు. "ఏమే చిలకా, మామయ్యకి ఒక ముక్క పెట్టవా?"

చిలక ఒక్కక్షణం ఆలోచించింది. తర్వాత తన ఐసు తీసుకెళ్ళి, "అమ్మమ్మా, నాది కూడా కోసిపెట్టు" అంది. సీతారావమ్మ కోసింది. చిలక ఒక చెక్క తాతయ్యకిచ్చింది. ఒక చెక్క మామయ్యకిచ్చింది. ఆ తర్వాత వంటింటి గడప దగ్గర, అమ్మమ్మ కూర్చునే చోటే, అమ్మమ్మలాగే ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చుని పుల్ల నోట్లో పెట్టుకుంది.

"నాకు పుల్లంటేనే ఇష్టం" అంది.

"ఓయబ్బో!" అన్నాడు రాఘవయ్య. "ఎంత మంచి పిల్లో చూడు! అచ్చం అమ్మమ్మ పోలికే."

శేషు కూడా, "నిజంగా బంగారం" అన్నాడు, నోటినిండా దాని ఐసే పెట్టుకుని.

అప్పుడు సీతారావమ్మ ఆ పిల్ల గొంతు వైపు చూసింది. తాతయ్య కొరికినప్పుడల్లా ఆ చిన్ని గొంతులో గుటక పడుతోంది. నోట్లో ఏమీ లేకుండానే గుటక పడుతోంది. అది మెచ్చుకోలుకి ముఖమంతా వెలిగించుకుని, ఎండు పుల్ల చీకుతోంది.

సీతారావమ్మ తనని ఎవరైనా తిడితే తట్టుకునేది. ఆ మెచ్చుకోలు మాత్రం తట్టుకోలేకపోయింది. తనకీ అదే పెట్టారు కదా, పదహారేళ్ళప్పుడు, టెంకతో పాటు.

ఏదో ఒకటి చెయ్యాలి. చెయ్యకపోతే ఇంకో యాభై వేసవులు ఆ పిల్ల వీపుమీద ఎక్కి కూర్చుంటాయి.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం గొడుగు తీసింది. "పదవే" అంది. ఇద్దరూ మళ్ళీ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళారు. ఈసారి కందిపప్పు లేదు, సంచి లేదు. రెండు ఐసులు, అంతే. బయటికొచ్చి బోర్డు నీడలో సిమెంటు అరుగు మీద కూర్చున్నారు.

"ఇంటికి తీసుకెళ్ళమా?" అంది చిలక.

"వెళ్ళం. నీది నువ్వు తిను."

"నాకొద్దు అమ్మమ్మా. పుల్ల చాలు. నాకు పుల్లే ఇష్టం."

"అలాగే, పుల్లే ఇష్టపడు. కానీ ముందు ఐసు తిను, ఆ తర్వాత పుల్ల చీకు. రెండూ తిన్నాక అప్పుడు చెప్పు, ఏది ఇష్టమో."

చిలక అమ్మమ్మ వైపు తిరిగింది. "మరి నువ్వు చెక్క తినకుండానే టెంక ఇష్టమని ఎలా చెప్పావు?"

ఆ మాట వాళ్ళ అత్తగారు అడగలేదు, యాభై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు, ఇదిగో, ఇప్పుడు ఏడేళ్ళ పిల్ల అడిగింది. చేతిలో ఐసేమో మణికట్టు మీదుగా గాజుల్లోకి కారుతోంది. మామిడిపండైతే దాచొచ్చు, ఎవరికో ఉంచొచ్చు. ఐసుని దాస్తే ఎవరికీ దక్కదు.

అంతలో అటుగా వీరయ్య మాస్టారు పోతూ ఆగాడు. రాఘవయ్యకి స్నేహితుడు. "ఏం చెల్లెమ్మా, నడిబజార్లో పుల్లైసా! మా బావకేదీ?"

"బావ సంగతి సాయంత్రం చూస్తాలే అన్నయ్యా. ఇది కరిగిపోతోంది" అంది సీతారావమ్మ.

అని తొక్క ఒలిచింది. అది పచ్చగా, మెత్తగా, ఒక్క ముక్కగా ఊడివచ్చింది. తిన్నది. ఆ తర్వాత ఐసు కొరికింది. పళ్ళు నిజంగానే జివ్వుమన్నాయి! అయినా ఆపలేదు. ఇటువైపు చెక్క కొరికింది. అటువైపు చెక్క కొరికింది. ఆ తర్వాత మధ్యలోకి వచ్చి ఆగిపోయింది. ఆవిడ వాటా మొదలయ్యేది అక్కడే కదా.

కొరికి చూసింది. మధ్యలో కూడా పండే.

"ఎలా ఉంది?" అంది చిలక. అది కూడా ఈలోగా తనది సగం తినేసింది. గడ్డం నిండా పసుపు.

"నిజం చెప్పనా? బంగినపల్లి కాలిగోటికి పోలదు. సెంటు వాసన. ఒట్టి పంచదార." అంటూనే మిగిలింది కూడా తినేసింది.

ఆ తర్వాత ఇద్దరూ పుల్లలు చీకారు. "ఏది ఇష్టం?" అంది సీతారావమ్మ.

"ఐసు" అంది చిలక, సిగ్గుపడుతూ. "నీకో?"

"నాకూ ఐసే."

ఆ సాయంత్రం సీతారావమ్మ నిజం పండు ఒకటి తెచ్చి కత్తిపీట ముందు కూర్చుంది. ఇటొక చెక్క కోసింది, చిలకకిచ్చింది. అటొక చెక్క కోసింది, తన పళ్ళెంలో పెట్టుకుంది. ఆ తర్వాత టెంక తీసి రాఘవయ్యకి అందించింది.

"అదేమిటి సీతా, ఇది నీది కదా?"

"ఇవాళ మీది. తిని చూడండి."

రాఘవయ్య టెంక నోట్లో పెట్టుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. రసం మోచేతిదాకా కారింది. పళ్ళ సందుల్లో పీచు ఇరుక్కుంది. తీసుకోబోతే వేలు జారింది. చాలాసేపు దాన్ని చీకి చీకి, తెల్లబడ్డ టెంకని చేతిలో పట్టుకుని చూశాడు.

"ఇందులో ఏమీ లేదే, సీతా" అన్నాడు.

"ఊఁ" అంది సీతారావమ్మ.

ఆయన ఆ టెంకని పారెయ్యలేదు. పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఇన్నేళ్ళూ నేనే కదా నీ చేతికిచ్చింది" అన్నాడు నెమ్మదిగా. సీతారావమ్మ తన పళ్ళెంలో చెక్కని చెంచాతో గీరుకుంటూ తిన్నది.

మర్నాడు ఏమైందో తెలుసా? భోజనాలయ్యాక రాఘవయ్య పంచె సర్దుకుని, మూలుగుతూ, కత్తిపీట మీద కూర్చున్నాడు. డెబ్భై రెండేళ్ళకి మొదటిసారి. పండు ఆయన చేతిలో చేపలా జారింది. ఒక చెక్క కొండలా వచ్చింది, ఒకటి అప్పడంలా వచ్చింది. కొండలాంటి చెక్క తీసి సీతారావమ్మ ముందు పెట్టాడు. "ఇదిగో సీతా" అన్నాడు. ఆగాడు. "నీకిష్టమేనా?" అని అడిగాడు.

ఆవిడ నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

అప్పటినుంచీ ఆ ఇంట్లో టెంకకి వంతులు. ఒకరోజు తాతది, ఒకరోజు మామయ్యది, ఒకరోజు అమ్మమ్మది, ఒకరోజు చిలకది. మామయ్య వంతు వచ్చిన రోజు మాత్రం, వాడికేదో పని గుర్తొచ్చి లేచిపోతాడు. మేం పట్టుకొచ్చి కూర్చోబెడతాం.

ఏమిటా నవ్వు? 'మేం' అన్నానా? అనలేదు. నీకు నిద్రలో అలా వినపడింది.

చిలక తర్వాత ఎప్పుడూ టెంక ఇష్టమని అనలేదా అంటావా? అంది. ఒకసారి చెక్క పూర్తిగా తిని, వేళ్ళు నాక్కుని, "ఇప్పుడు టెంక కూడా కావాలి" అంది. అప్పుడు ఇచ్చాం. అలా అడిగిన టెంక భలే తియ్యగా ఉంటుంది.

రేపు ఎవరి వంతా? రేపు తాతయ్యది. నువ్వు చెక్క తిను. ఎవరైనా బంగారమంటారని, మంచిపిల్లంటారని చెక్క వదిలెయ్యకు. తిని కూడా నువ్వు బంగారానివే. ఇక కళ్ళు మూసుకో.

తొక్కేమో గేదెకి, టెంకేమో వంతుకి,
తీపేమో ఇంట్లో తలా ఒక నాలిక్కి,
కథేమో కంచి బస్సు మెట్టుపైకి,
మనమేమో మెల్లగా దుప్పట్లోకి.