జీలుగు మరిచిన దౌడు

ధాత నామ సంవత్సరం, ఎండలు మొదలైన రోజులు. వెదురడవి పక్క బయల్లో ఒక గుర్రాల మంద ఉండేది. అవి మామూలు గుర్రాలు కావు పిల్లలూ.

వాటి మూలపుటమ్మ ఒకప్పుడు ఊళ్ళో జట్కాబండి లాగింది. దాని ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి లేచేవి. ఆ వెంటనే తక్కిన రెండూ లేచేవి. వీపు కదిలేది కాదు. పొద్దు వాలేదాకా పోయినా ఆయాసం వచ్చేది కాదు. ఆ నడకకు జంట అడుగు అని పేరు. దాని పిల్లల్లో జంట అడుగు వేసినవాటినే మనుషులు ఉంచుకున్నారు. ఎగిరి దూకుతూ దౌడు తీసినవాటిని అమ్మేశారు. తరతరాలుగా అదే సాగి, అదొక జాతి అయింది. బండ్లు మూలపడి మంద అడవి చేరినా కట్టుబాటు పోలేదు. దౌడు తీసే పిల్లకు మందలో చోటు లేదు.

మందలో ఎర్రమ్మ అనే గుర్రానికి ఒక్కతే కూతురు, జీలుగు.

ఒకరోజు జీలుగు సీతాకోకచిలుక వెంట దౌడు తీసింది. ఎర్రమ్మ మెడ కొరికి ఆపింది. మరోరోజు జీలుగు సుడిగాలి వెంట పడింది. తల్లి మళ్ళీ కొరికింది. మూడోసారి జీలుగు చుక్కలజింకతో పందెం వేసి గెలిచింది.

జింక పకపకా నవ్వింది. "ఏమే ఎర్రమ్మా, నీ కూతుర్ని మా ఇంటికి కోడలిగా పంపుతావా?"

"నోరు ముయ్యవే గంతులదానా!" అంది ఎర్రమ్మ. కూతురి వైపు తిరిగింది. "మంద చూస్తే నిన్ను వెళ్ళగొడుతుందే. నువ్వు లేకుండా నేనెట్లా బతికేది?"

"కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయమ్మా."

"లేస్తే అణుచుకో."

"అణచకే ఎర్రమ్మా," అంది జింక. "ఇది అడవి. ఇక్కడ బండి ఏదీ?"

"మా జాతి సంగతి నీకెందుకు?"

ఎర్రమ్మ రోజూ బిడ్డను లోతు ఇసుకలో నడిపించింది. దూకబోయినప్పుడల్లా కొరికింది. చివరికి జీలుగు ఎప్పుడూ జంట అడుగే వేయసాగింది. మంద మెచ్చుకుంది. ఎర్రమ్మ మురిసిపోయింది.

రోహిణి కార్తెలో వెదుళ్ళు ఒరుసుకుని నిప్పు పుట్టింది. గాలి దాన్ని ఎండుగడ్డి మీదికి తోసింది. ఎదురుగా వాగు ఉంది. జింకలు ఎగిరి దాటిపోయాయి. గుర్రాలు జంట అడుగున బయల్దేరాయి. పెద్దవాటి అడుగు పెద్దది. పిల్లల అడుగు చిన్నది, అవి మంట ముందు వెనకబడ్డాయి.

ఎర్రమ్మ వెనక్కి తిరిగి అరిచింది. "జీలుగూ, దౌడు తియ్యవే!"

"మరిచిపోయానమ్మా! ఎట్లాగో నువ్వు చూపించు!"

ఎర్రమ్మ ఎగరబోయింది. దానికి దౌడు ఎన్నడూ తెలియదు. మంద దాన్ని వాగులోకి నెట్టుకుపోయింది.

పెద్ద గుర్రాలన్నీ వాగు దాటాయి. జీలుగుతో సహా ఆ ఏడు పుట్టిన పిల్లల్లో ఒక్కటీ దాటలేదు.

నీతి: మంద మెప్పు కోసం బిడ్డ కాళ్ళు అణచిన తల్లి, మంట వచ్చిననాడు ఆ కాళ్ళను తిరిగి ఇవ్వలేదు.