ఆకులేనమ్మ కోన

మిట్టకోన గ్రామంలో బస్సు దిగి, రాళ్లబాట వెంట రెండు మైళ్లు నడిచి వాగు దాటితే ఆకులేనమ్మ సన్నిధి వస్తుంది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. మూడు వైపులా బండలు, నడుమ మోకాలెత్తు నల్లరాయి, అదే అమ్మవారు. భక్తులు పూలు, తమలపాకులు, వేపమండలు తేరాదు. తెలియక తెచ్చినవారు వాటిని వాగు అవతలే విడిచి రావాలి. ఎండాకాలంలో వాగులో నీరుండదు కనుక తాగునీరు వెంట తెచ్చుకోవలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ పోతక్క అనే ఆమె మేకలు కాచుకుని బతికేది. భర్త పాముకాటుతో పోగా, లింగి అనే ఏడేళ్ల కూతురే ఆమెకు లోకం. ఆ పిల్లకు మూర్ఛరోగం. రోజుకు పదిసార్లు పడిపోయేది. పళ్లు గిట్టకరుచుకుపోయేవి, నోట నురుగు వచ్చేది. లేచాక తల్లిని కూడా గుర్తుపట్టేది కాదు. పోతక్క పసర్లు పోయించింది, తాయెత్తులు కట్టించింది. ఫలితం లేకపోయింది. ఒకనాడు ఆమె బండ నీడన కునుకు తీయగా, కలలో ఒక ముసలమ్మ కనిపించి, "నీ తలాపునున్న మొక్కను అడగరాదా? వేరూ కాడా ఆకూ పువ్వూ దేన్నీ విడదీయకుండా నూరి, మేకపాలలో పట్టు" అని చెప్పింది. మెలకువ వచ్చి చూస్తే తలాపున గంజాయి మొక్క, దాని మొదట్లో నల్లరాయి. పోతక్క చెప్పినట్టే చేసింది. నెల తిరిగేసరికి మూర్ఛ వారానికి ఒకసారికి తగ్గింది. లింగి మొదటిసారి ఒక మేకను పేరుపెట్టి పిలిచిన రోజున, పోతక్క ఆ రాతికి పసుపు పూసి ఆకులమ్మ అని పేరు పెట్టుకుంది.

ఈ సంగతి ఆ సీమనేలే పాలెగాడు ఓబళనాయని కోటకు చేరింది. అతని తమ్మునికీ అదే రోగం. కోట వైద్యుడు విరూపాక్షయ్య కోనకు వచ్చి మొక్కలు తీసుకుపోయాడు. నేతిలో కాచి, వడగట్టి, పలుమార్లు శోధించి, మత్తు గుణాన్ని తొలగించి ఒక్క సారాన్ని మాత్రం వేరు చేశాడు. దానికి సత్తు అని పేరు. అది పాలెగాని తమ్మునికి అద్భుతంగా పనిచేసింది. అదే ఏడు కోట బంటులు గంజాయి మత్తులో కావలి మరిచి నిద్రపోగా, శత్రువులు పశువుల మందలను తోలుకుపోయారు. పాలెగాడు మండిపడి చాటింపు వేయించాడు. సత్తు మందు, మొక్క నేరం. మందు కావలసినవారు కోటకే రావాలి, మొక్క పెంచినవారికి చెయ్యి నరికే శిక్ష. బంటులు కోనంతా గాలించి మొక్కలను వేళ్లతో సహా పెరికి కాల్చివేశారు.

పోతక్క కూతురిని వీపున కట్టుకుని మూడు రోజులు నడిచి కోటకు చేరింది. సత్తు ఇచ్చారు. లింగికి అది పట్టలేదు. వైద్యుడు మోతాదు పెంచి చూశాడు, తగ్గించి చూశాడు. మూర్ఛలు మునుపటికన్నా ఎక్కువయ్యాయి.

"అయ్యా, దొరగారి తమ్మునికి పట్టిన మందు నా బిడ్డకు పట్టలేదు. ఒక్క మొక్క ఇప్పించండి. మీ కళ్లముందే నూరి పోస్తాను" అని పోతక్క కాళ్లపై పడింది.

"నీ మాట అబద్ధమనను తల్లీ" అన్నాడు విరూపాక్షయ్య. "సత్తు ఏమిటో నాకు తెలుసు. మొక్కలో ఇంకా ఏమేమి ఉన్నాయో, వాటిలో నీ బిడ్డకు పనిచేసింది ఏదో నాకు తెలియదు. తెలియనిదాన్ని మందని ఏలికకు ఎట్లా చెప్పను?"

"నాకూ తెలియదయ్యా. అది తాగి నా బిడ్డ నవ్వింది. అంతే తెలుసు."

వైద్యుడు పాలెగాని దగ్గరికి వెళ్లనైతే వెళ్లాడు. "ఒకరికి సడలిస్తే రేపు ఇంటికొక రోగి పుడతాడు" అని పాలెగాడు లేచి లోపలికి వెళ్లిపోయాడు.

తిరుగుదారిలో, కోన బండలు కనుచూపు మేరలోకి వచ్చాక, లింగి తల్లి వీపుపైనే ప్రాణం విడిచింది. నిద్రపోయిందనుకుని పోతక్క మరో క్రోసు నడిచింది. బిడ్డను రాతి పక్కనే పూడ్చి, "చూపించినదానివి నువ్వే కదా! వాళ్లు పెరుకుతుంటే ఎట్లా చూస్తూ ఊరుకున్నావు?" అని అమ్మవారిని నిలదీసింది. ఆ బండ నీడన ఎన్నేళ్లు పడుకున్నా ఆమెకు మళ్లీ కల రాలేదు. ఇకపై ఈ రాతికి ఆకు గాని పువ్వు గాని తేవద్దని ఆమె కట్టడి చేసింది. జనం ఆకులేనమ్మ అనసాగారు.

కొంతకాలానికి విరూపాక్షయ్య కొలువు వదలి కోనకు వచ్చాడు. నెల రోజులు వెదికినా ఒక్క మొలక దొరకలేదు. సత్తుతో బతికినవారు ఎందరో ఉన్నారని చెప్పబోయి, పోతక్క ముఖం చూసి మానుకున్నాడు. ఆమె ఎదుట కూర్చుని, "లింగి సంగతి చెప్పు తల్లీ, మొదటినుంచి" అన్నాడు. పురిటినాటి నుంచి మొదలుపెట్టి ఆమె పొద్దు వాలేవరకు చెప్పింది. అతడు ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అలా చెప్పుకున్నందువల్ల ఆమె దుఃఖం తీరలేదని పెద్దలు అంటారు.

నేటికీ మాఘ బహుళ పంచమినాడు, మందులు పట్టని బిడ్డల తల్లిదండ్రులు ఇక్కడికి వస్తారు. పోతక్క పుట్టింటి అన్నగారి వంశంవారే పూజారులు. వారు తీర్థం ఇవ్వరు, నయమవుతుందని అనరు. వచ్చిన ప్రతివారి ఎదుటా కూర్చుని బిడ్డ సంగతి అడిగి, చివరిదాకా వింటారు. ఇక్కడికి వచ్చాక నయమైనవారు ఉన్నారా అని భక్తులు అడుగుతుంటారు. మా ఎరుకలో లేరు. అయినా ఏటేటా వచ్చేవారు పెరుగుతూనే ఉన్నారు. ఈ సన్నిధిలో ఏ తల్లి మాటా మధ్యలో ఆగదు. అమ్మవారి మహిమ అంతవరకే.