ఒంటిమేక కాపలా

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడి పేరు విజయాంకుడు. పెద్దవాళ్లిద్దరి పేర్లు అడక్కండి, వాళ్లు కాసేపట్లో రాళ్లయిపోతారు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి ప్రాణం ఒక తెల్లమేకలో ఉంది. చిలకలో కదా ఉండాలి అంటారా? వీడిది మేకలోనే ఉంది, నన్నేం చెయ్యమంటారు! దీవి మొత్తానికి అదొక్కటే మేక. తోడు లేక పొద్దస్తమానం అరుస్తూ, గుట్టల మీంచి దూకుతూ తిరిగేది. అది దూకినప్పుడల్లా వాడి గుండె అదిరిపడేది. నూరేళ్లుగా వాడికి కంటిమీద కునుకు లేదు. నిద్ర లేనివాడికి కోపం ముక్కుమీదే ఉంటుంది.

ఆ కోపంలో పక్కరాజ్యపు రాజకుమారి హేమలేఖను ఎత్తుకుపోయి చాటింపు వేయించాడు. తన మేకను మూడు రోజులు దొడ్డి దాటకుండా ఉంచితే పిల్లను ఇచ్చేస్తాడట. దాటిందా, కాపలా కాసినవాడు రాయైపోతాడట.

పెద్దవాడు వెళ్లి కోటగోడలా రాళ్లగోడ పేర్చాడు. అది మేకకు మెట్లు కట్టిపెట్టినట్టయింది. టకటకా ఎక్కి అవతలికి దూకింది. ఆయన రాయైపోయాడు. రెండోవాడు వెళ్లి పచ్చి తుమ్మకొమ్మలతో కంచె వేశాడు. మేక చుట్టూ విందు పెడతారా ఎవరైనా? ఆకంతా మేసి, సందు చేసుకుని వెళ్లిపోయింది. ఆయనా రాయే.

ఇక విజయాంకుడు బయలుదేరాడు. దారిలో పాలకని రంగి అనే నల్లమేకను పడవెక్కించాడు. రంగికి మాటలొచ్చు. ఏడు సముద్రాల పొడుగునా దాని నోరు మూతపడలేదు. ఎండిన రేగుకంప అయితే మేసేందుకు ఆకుండదని, మొదళ్లు మట్టిలో పాతాలని, కాలు మోపే చోటు లేకుండా నిలువెత్తున అల్లాలని, వాకిలికి వెదురుతడిక బిగించాలని అదే చెప్పింది. రాజకుమారుడు అలాగే కట్టాడు.

మొదటిరోజు తెల్లమేక దూకలేకపోయింది. అయితే గడ్డి ముట్టలేదు. తడికను కొమ్ములతో కుమ్ముతూనే ఉంది. తడిక కట్లు సడలిపోతున్నాయి. మాంత్రికుడు గుండె పట్టుకుని వచ్చి, రేపటికి నువ్వూ రాయివేరా అని తిట్టి పోయాడు. విజయాంకుడికి నిజంగానే భయం వేసింది.

అప్పుడు రంగి అంది: "దానికి గడ్డి కాదయ్యా లోటు. పలకరించే దిక్కు లేదు. నన్ను లోపలికి తోలు."

తోలాడు. రెండు మేకలూ ముందు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి, తర్వాత వాసన చూసుకున్నాయి, ఆ తర్వాత ఒకే మోపులో మూతులు పెట్టి మేశాయి. రెండోరోజు గడిచింది. మూడోరోజు సాయంత్రానికి ఒకదానికొకటి ఆనుకుని నెమరు వేస్తూ కూర్చున్నాయి.

మాంత్రికుడు చూడ్డానికి వచ్చాడు. వచ్చినవాడు ఆవలించాడు. ఇంకోసారి ఆవలించి, దొడ్డి పక్కనే నేలమీద ఒరిగి గుర్రుపెట్టాడు. మంత్రాలన్నీ సడలిపోయాయి. రాళ్లు ఒళ్లు విరుచుకుని అన్నలయ్యాయి. హేమలేఖ గది తలుపు దానంతటదే తెరుచుకుంది.

అన్నలు వస్తూనే కత్తి దూశారు. మేకను నరికితే వీడి పీడ విరగడవుతుందన్నారు. విజయాంకుడు తడికకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేను మేపిన మేక, అన్నయ్యా. దీని జోలికి రాకండి."

హేమలేఖ వచ్చి అతని పక్కన నిలబడింది. కత్తి ఒరలోకి పోయింది.

మాంత్రికుడు మూడు రోజులు నిద్రపోయి లేచాడు. ముఖంలో కోపం లేదు, మంత్రమొక్కటీ గుర్తు లేదు. కళ్లు నులుముకుని, "అమ్మా, ఆకలేస్తోంది," అన్నాడు. హేమలేఖ నవ్వాపుకోలేక గంజి పోసింది.

అందరూ ఒకే పడవలో ఇంటికొచ్చారు. పెళ్లి అంగరంగ వైభవంగా జరిగింది. విజయాంకుడూ హేమలేఖా అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో ఒంటిమేకను ఎవరూ కొనలేదు, అమ్మలేదు. పెంచితే రెండు పెంచాల్సిందే. రాజుగారి మందను కాసిందెవరనుకున్నారు? కరాళుడే.

కథ దొడ్డికి చేరింది, తడిక వేసేశాను. ఇక మీరూ ఒకరినొకరు ఆనుకుని పడుకోండి.