రిజిస్టరుకు దూరంగా

“హైమవతీ! ఓ హైమవతీ! కవరు అంటించేస్తున్నాను, చివరిసారి చూసుకుంటావా?”

కొండమీది నక్షత్ర పరిశోధనశాల భోజనాల గదిలోంచి భుజంగరావు మాస్టారు కేకేశారు. పొద్దున్న తొమ్మిదయింది. కిటికీ దగ్గర మంచు ఇంకా పోనా, ఉండనా అన్నట్టు తచ్చాడుతోంది. ఆ కవరులో ఆయన శిష్యురాలు హైమవతి రాసిన తొలి పరిశోధన వ్యాసం ఉంది. పది గంటల జీపులో అది కొండ దిగాలి.

దోసిట్లో జాజిమొగ్గలు కుప్పపోసినట్టుండే ఒక గోళాకార తారాగుచ్ఛంలో ఆ అమ్మాయి ఒక చుక్కను పట్టుకుంది. దాని వెలుగును రంగులుగా విప్పి చూస్తే, అందులోని సన్నని నల్లగీతలు కొన్నాళ్ళు ఎరుపువైపూ కొన్నాళ్ళు నీలంవైపూ జరుగుతున్నాయి. అంటే ఆ చుక్క కంటికి కనబడని బరువైనదేదో పక్కనుంచుకుని తిరుగుతోంది. అది కృష్ణబిలమని హైమవతి రాసింది. గీతలు జరిగాయని చెప్పాలంటే పక్కన కదలని గీతలు ఉండాలి కదా. అందుకని పరికరంలో ఒక దీపం ఉంటుంది. చలికీ వేడికీ పరికరం రోజూ కాస్త జరుగుతుంది గనుక, చుక్క ఫోటో తీసిన ప్రతిసారీ ఆ దీపం వెలిగించి దాని గీతలు కూడా తీస్తారు. వెలిగించిన వేళ రిజిస్టరులో రాస్తారు.

హైమవతి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“మాస్టారూ, ఒక్కమాట. చుక్క ఊగింది కాబట్టి కనబడనిదేదో ఉందని రాసేశాం. తీరా అక్కడ ఏమీ లేకపోతే?”

మాస్టారికి వాదించే అలవాటు లేదు. ఎవరేమడిగినా ఏదో ఒక పని చెబుతారు.

“ముందు ఆ టీ కెటిల్ ఇటు పట్రామ్మా.”

కెటిల్ గదికి అవతలి మూల ఉంది. మధ్యబల్ల పక్కగా తిన్నగా నడిస్తే ఎనిమిది అడుగులు. హైమవతి ఆ బల్లను తప్పించుకుని, గోడవారగా చుట్టూ తిరిగి తెచ్చింది. మాస్టారు రెండు గ్లాసుల్లో టీ పోశారు. లేచి, మధ్యబల్ల మీది రిజిస్టరు తీసి గోడవారనున్న బల్లమీద పెట్టారు.

“ఇక కెటిల్ మళ్ళీ అక్కడ పెట్టేసి రా.”

ఈసారి ఆమె మధ్యబల్ల పక్కనుంచే తిన్నగా వెళ్ళింది.

వంటాయన గంగులు పకపకా నవ్వాడు. “ఏటమ్మాయిగోరూ, ఆ పుస్తకమేటైనా కరుస్తాదేటి? వారం నుంచి సూత్తన్నాను. అదెటుంటే అటేపు మీరు రారు.”

హైమవతి ముఖం పాలిపోయింది. మాస్టారు ఆమెకేసి చూడలేదు.

“గంగులు ఆ పుస్తకం తెరవలేదమ్మా. నీ నడక చూశాడు, అంతే.”

కొండ ఎక్కివస్తున్న జీపు హారన్ మోగింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“పదహారో తారీకున నేను దీపం వెలిగించలేదు మాస్టారూ. ఆ చుక్కను చూస్తూ మరిచిపోయాను. ముందునాటి దీపం గీతలే వాడి, వెలిగించినట్టు రిజిస్టరులో రాసేశాను. చుక్క అన్ని రోజులకంటే జోరుగా కదిలింది ఆనాడే. ఆ రోజు లెక్క తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తెలీదు.”

మాస్టారు కవరు అంటించకుండానే జిగురు సీసాకు మూత పెట్టి, రెండో గ్లాసు ఆమెవైపు జరిపారు.

“తాగమ్మా, చల్లారిపోతోంది. ఆ చుక్క ఇంకా తిరుగుతూనే ఉంది.”